ఈర్పెన

గ్యాసు అయిపోయుంటుందోయ్, ఎక్కించెయ్
అన్నారు రామభద్రరాజు గారు
చెవిలోంచి ఫోను తియ్యకుండానే.
ఈ ఏడాదికి మూడుసార్లు ఎక్కించారట.
మూడుసార్లూ ఎవరో సంతకం పెట్టి
డబ్బు పట్టుకెళ్లారు.

నేను మీటరు పెట్టకముందే చెవి పెట్టాను.
ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గాలి రావట్లేదు.
ఆయ్, ఇది ఆకలి కాదండీ,
ఊపిరాడకపోవడం.

నరసాపురం రేవుకు కూతవేటు దూరం.
బయట రోళ్లు పగిలే రోహిణి కార్తె.
లోపల ఆరు టన్నుల వనామీ రొయ్య,
పద్దెనిమిది ఉండాల్సిన మైనస్సు
ఆరు దగ్గర ఆయాసపడుతోంది.

సరుకు పక్క గదిలోకి మార్పించి
మెయిను దించి, దాని తాళం జేబులో వేసుకుని
గార్డు విప్పితే
కాయిల్ కనపడలేదు.
కొబ్బరికోరు దట్టించినట్టు
తెల్లగా ఒక గోడ.

ఏసుపాదం స్క్రూడ్రైవరు ఎత్తాడు.
చెయ్యి పట్టుకున్నాను.

పందొమ్మిదేళ్లప్పుడు, పాలకొల్లు ఐసు ఫ్యాక్టరీలో
నేనూ ఎత్తాను.
ఒక్క పోటు.
బుస్సుమంది.
తాచుపాము కాదు, రాగి గొట్టం.
కరీముల్లా మేస్త్రి తిట్టలేదు.
గ్యాసంతా పోయేదాకా గుమ్మం బయట కూర్చోబెట్టి
విను, అన్నాడు. అంతే.
ఇరవై రెండేళ్లయింది.
వింటూనే ఉన్నాను.

మంచుతో పోట్లాడకూడదురా, కూర్చోవాలి.
కూర్చున్నాం.
ట్రేలో మొదటి చుక్క పడ్డానికి పావుగంట.
అసలిదంతా ఎక్కణ్ణించొచ్చింది బాబాయ్, అన్నాడు.
ఎక్కణ్ణించో ఎందుకొస్తుంది?
తలుపు తీసిన ప్రతిసారీ దూరిన గోదారి గాలి,
పెట్టెలు మోసేవాళ్లు వదిలిన ఊపిరి.
అది మర్చిపోలేదు, అంతే.

కాసేపటికి పెళ్లలు పెళ్లలుగా జారింది.
కింద అసలు సంగతి:
రొయ్య మీసాలు, థర్మాకోలు పూసలు, అట్టపెట్టెల పీచు,
టోపీల కింద ఆగని వెంట్రుకలు,
ఒకటి సగం గోరింటాకు ఎరుపు, సగం నెరుపు.
అన్నీ కలిసి నూనె జిడ్డుతో
తడి కంబళీలా.

గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు.
యాసిడ్ వద్దు, అల్యూమినియం తినేస్తుంది;
ఉప్పుగాలి తిన్నది చాలు.
బ్రష్షు రెక్కల వాలునే, పైనుంచి కిందికి.
అడ్డం రుద్దావా,
కార్తీకం తుపానుకి చేను పడినట్టు పడతాయి.
అప్పటికే ఒక మూల పడున్నాయి,
ఎవడి తొందరో, ఎవడి మోచెయ్యో.

పడిన చేనుని మా నాన్న
నాలుగేసి దుబ్బులు కలిపి కట్టి లేపేవాడు
మోకాల్లోతు నీళ్లలో, రోజంతా, నడుం ఎత్తకుండా.
నా దగ్గర దువ్వెన ఉంది.
సన్నటి పళ్లది. ఒక్కో రెక్కా విడదీసి
నిలబెట్టుకుంటూ పోతున్నాను.

గుమ్మంలోంచి మరిడమ్మ నవ్వింది,
పీలింగు షెడ్డు రబ్బరు బూట్లతో:
ఏటయ్యా, ఈర్పెనట్టుకున్నావు,
దానిక్కూడా పేలు పట్టేయా?

పట్టేయమ్మా. నీ జడలోవే.

సాయంత్రం నాలుగింటికి మెయిను ఎత్తాను.
ఫ్యాను తిరగదేంటోయ్, అన్నారు రాజు గారు.
ముందు దాన్ని చల్లబడనివ్వండి.
నిమిషం, రెండు, మూడు.
అప్పుడు కదిలింది.
ఏసుపాదం ఎత్తిపట్టిన పాత బిల్లు కాయితం
వాడి చేతిలోంచి ఊడి
ఎదుటి గోడకి అతుక్కుంది.

లెక్క దగ్గర మామూలే.
గ్యాసే ఎక్కించలేదుగా,
నీళ్లు పోసినందుకు ఇంతా?
రెండొందలు కోసుకున్నారు.
నేను మాట్లాడలేదు.

మిగిలిన బకెట్టు పారబొయ్యబోతుంటే
ఆగయ్యా, అంది మరిడమ్మ.
పొద్దుట్నించీ ఐసులో రొయ్య వలిచి
తెల్లగా ముడతలు పడ్డ వేళ్లు,
గోళ్ల పక్కన చీలికలు.
మణికట్ల దాకా ముంచి
కళ్లు మూసుకుంది.

ఏసుపాదం సామాను సర్దుతున్నవాడు
చప్పుడు ఆపాడు.
నీళ్లు చల్లారేదాకా
ఇద్దరం అక్కడే ఉన్నాం.